దినాలకు, పట్నానికి, ఊరి పండుగకు ఎవరి కథ పెట్టించాలి: శారద, ఒగ్గు, బైండ్ల, చిందు మేళాల పోలిక

వరంగల్, జనగామ, ములుగు, కరీంనగర్ వైపు ఊళ్లలో ఇంట్లో పెద్దమనిషి పోతే, పిట్టకు (కాకికి) పెట్టే రోజుకల్లా ‘దినాలకు కథ ఎవరిని పిలుద్దాం’ అన్న మాట వస్తుంది. మల్లన్నకు పట్నం (నేల మీద రంగుపొడులతో వేసే పూజ ముగ్గు) మొక్కుకున్న ఇంటిది ఇంకో లెక్క. బొడ్రాయికో ఎల్లమ్మకో పండుగ చేసే ఊరిది మరో లెక్క. ఎవరో ఒక నంబర్ ఇస్తారు, ‘మంచిగ చెప్తరట’ అంటారు, బయానా పంపేస్తాం. తేడా ఆ రాత్రి తెలుస్తుంది. దుఃఖంలో ఉన్న వాకిట్లో డోళ్లు దద్దరిల్లుతాయి, లేదా ఊరంతా కూడిన మైదానంలో ఇద్దరు మనుషుల తంబూర పాట గాలికి పోతుంది. పాడినవాళ్లలో లోపం ఉండదు. సందర్భానికి తగిన మేళం పిలవలేదు, అంతే.

ఇక్కడి మేళాలన్నిటికీ ఒక పోలిక ఉంది. అన్నీ ఇంటి మేళాలే. మొగుడూ పెళ్లాం, అన్నా తమ్ముడూ, మేనమామా మేనల్లుడూ కలిసి పాడతారు. పిల్లలు ముందు వంతలో, అంటే కథకుడి పాటను వెనక నుంచి అందుకునేవాళ్లలో, కూర్చుంటారు, ఏళ్లు గడిచాక గానీ ముందట నిలబడి కథ ఎత్తుకోరు. అందుకే కథకుడు ఎక్కడ ఊపిరి తీస్తాడో వంతకు ముందే తెలుసు. అతని చివరి అక్షరం ఆరకముందే వాళ్లు అందుకుంటారు, పాటలో సందు పడదు. పాత పాట తరాలు దాటినా గుండెను పట్టుకోవడానికి కారణం కథలో ఎంత ఉందో, ఈ అతుకు లేని గొంతులో అంత ఉంది. కాబట్టి ఏ మేళాన్ని ఎంచుకున్నా మొదట అడగాల్సింది ఇది: వంత ఎవరు పడతారు, ఇంటోళ్లేనా, ఆ రోజుకు కైకిలికి (కూలికి) తెచ్చుకునేవాళ్లా? కైకిలి వంతతో వచ్చే మేళంలో కథకుడు ఎంత గట్టివాడైనా పాట మధ్యమధ్యలో తెగుతుంది.

దినాలకు శారద కథ

ఇంట్లో మనిషి పోయిన దుఃఖానికి అన్నిటికంటే తగినది ఇదే. శారద కథ, బుర్ర కథ, జంగాల కథ అని ఊరిని బట్టి పిలుస్తారు. ముగ్గురు నలుగురే ఉంటారు. కథకుడి భుజం మీద తంబూర, చేతి వేళ్లకు అందెలు. పక్కన అతని ఇంటి ఆడవాళ్లు బుర్రలు అనే చిన్న డోళ్లు కట్టుకుని నిలబడతారు. పది అడుగుల వాకిలి చాలు. వేదిక కట్టకండి. కథకుడూ వింటున్నవాళ్లూ ఒకే నేల మీద, పది పన్నెండు అడుగుల దూరంలో ఉంటేనే ఈ పాట పని చేస్తుంది.

ఎలా పని చేస్తుందో దగ్గరగా చూడాలి. కథ మామూలుగా నడుస్తున్నంత సేపు బుర్రల మీద దరువు చురుగ్గా పడుతుంటుంది, వచనం గలగలా సాగుతుంది, నడుమ నవ్వులు కూడా ఉంటాయి. దుఃఖపు ఘట్టం దగ్గరికి రాగానే బుర్ర ఆగిపోతుంది. తంబూర ఒక్కటే మోగుతుంటుంది. కథకుడు కథలోని తండ్రిని వదిలి ఈ ఇంటి తండ్రి పేరు ఎత్తుతాడు. పెద్దకొడుకును పిలుస్తాడు, తర్వాత బిడ్డను అత్తగారి ఊరి పేరుతో సహా పిలుస్తాడు, పిలుపు చివర దీర్ఘం తీసి ఆపుతాడు. ఒక క్షణం ఏమీ వినిపించదు. అప్పుడు ఆడవాళ్లు ఆ దీర్ఘాన్ని అతని కంటే కింది స్థాయిలో అందుకుంటారు. పదిరోజులుగా వచ్చినవాళ్లకు చాయలు పోస్తూ, లెక్కలు చూస్తూ కన్నీరు పెట్టని కొడుకు సరిగ్గా అక్కడ కూలబడతాడు. పేరు, నిశ్శబ్దం, ఇంటి ఆడవాళ్ల గొంతు, ఈ మూడూ ఈ వరుసలోనే రావాలి.

2023లో వచ్చిన ‘బలగం’ సినిమా చివర పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులది వరంగల్ జిల్లా దుగ్గొండి. ఆ సినిమాను ఊళ్లలో తెరలు కట్టి చూశారు, మాటల్లేని అన్నదమ్ములు చూసి కలిసిపోయారని వార్తలొచ్చాయి. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. సినిమా వచ్చినప్పటినుంచీ దినాలకు వచ్చిన ప్రతి జంటనూ ‘ఆ సినిమా పాటే పాడండి’ అని అడగడం అలవాటైంది. అడగకండి. అది ఆ సినిమాలోని కుటుంబం కోసం కట్టిన పాట. మీ వాకిట్లో నిలబడ్డ జంటకు మీ ఇంటి మనుషులను పెట్టి అప్పటికప్పుడు కట్టే విద్య ఉంది, దానికి చోటివ్వండి.

ఆ చోటు ఇవ్వాలంటే సమాచారం ముందు అందాలి. మేళం సాయంత్రం నాలుగింటికల్లా దిగేలా చూసుకోండి. ఇంటి విషయం తెలిసిన ఒక పెద్దమనిషి కథకుడి పక్కన అరగంట కూర్చుని నోటితో చెప్పాలి. కాగితం మీద రాసిచ్చి ఊరుకుంటే తప్పులు పడతాయి, ఎందుకంటే ఈ విద్య అంతా చెవితో పట్టుకునేది. పోయినవాళ్ల పేరు, ఇంటిపేరు, కొడుకులూ బిడ్డలూ పుట్టిన వరుసలో, కోడళ్ల పుట్టిన ఊళ్లు, బిడ్డల అత్తగారి ఊళ్లు, తోడబుట్టినవాళ్లు, వాళ్లలో ముందే పోయినవాళ్లు ఎవరు, చేసిన పని ఏమిటి, ఏ పొలం దగ్గర ఎక్కువ ఉండేవారు. ఇంట్లో పంచాయితీ ఉంటే అదీ చెప్పాలి. చెప్పకపోతే కథకుడు తెలియక మాటలు లేని ఇద్దరినీ ఒకే పాటలో పక్కపక్కన నిలబెడతాడు. చెబితే ఎంతవరకు తాకాలో అతనే చూసుకుంటాడు. అందరికంటే ఎక్కువగా జారిపోయే పేరు చిన్నబిడ్డది. చెప్పింది మళ్లీ ఒకసారి కథకుడి నోటితో చెప్పించుకుని సరిచూడండి.

ఏ కథ అన్నది రెండో నిర్ణయం. బాలనాగమ్మ, కాంభోజరాజు కథ, సర్వాయి పాపన్న కథ శారద వాళ్ల దగ్గర బాగా నిలిచినవి. పాపన్నది జనగామ వైపు ఖిలాషాపూర్ కోట, 1708లో వరంగల్‌ను కొట్టిన మనిషి. ఆ కథలో పౌరుషం ఎక్కువ, దుఃఖం చివరికి గానీ రాదు. నిండు వయసులో పోయిన తాతకు అది సరిపోతుంది. తల్లి పోయిన ఇంట్లో బాలనాగమ్మ మేలు, కొడుకుకు దూరమైన తల్లి కథ కాబట్టి. పెద్దవాళ్లే పోయినా, ఇంతకుముందు ఆ ఇంట్లో కొడుకును పోగొట్టుకుని ఉంటే హరిశ్చంద్రలో లోహితుడి ఘట్టం, సిరియాళుడి కథ ఎత్తనీయకండి. మానని పుండును గెలికినట్టవుతుంది.

ఇంకో మాట నిక్కచ్చిగా చెప్పాలి. పడుచువాళ్లు, పసివాళ్లు పోయిన ఇంట్లో ఏ కథా పెట్టించవద్దు. ఆ దుఃఖానికి పాట అక్కర్లేదు, మనుషులు పక్కన కూర్చుంటే చాలు. బంధువులు ఒత్తిడి చేస్తే ఏడాది మాసికానికి పెట్టిద్దాం అని చెప్పి ఆపండి.

ఒగ్గు కథ ఎప్పుడు

ఒగ్గు కథ పుట్టిందే దేవుడి ముందు. కురుమ, గొల్ల ఇళ్లలో మల్లన్నకు, బీరన్నకు పూజ చేసేదీ పట్నం వేసేదీ కథ చెప్పేదీ ఒగ్గు పూజారులే. అందుకని మల్లన్న మొక్కుకు ఇంకో ఆలోచనే పెట్టుకోవద్దు. ఒగ్గు (చిన్న డమరుకం), డోళ్లు, తాళాలు, నపీర (ఊదే వాద్యం) కలిసి అయిదారుగురు వస్తారు. అడుగులు వేస్తూ చెప్పే కథ కాబట్టి పదిహేను అడుగుల చదరం చోటు ఖాళీగా ఉండాలి. కూర్చునేవాళ్లను మూడు పక్కలా కూర్చోబెడితే కథకుడు అందరి ముఖాలూ చూస్తూ తిరుగుతాడు.

జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గు కథను ఈ ప్రాంతం దాటించినవారు. కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు, 2017లో పోయారు. వేములవాడ దగ్గర హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములుది మరో బాణీ. ఇద్దరి పాత రికార్డింగులూ దొరుకుతాయి. మేళాన్ని పిలిచే ముందు ఇద్దరివీ చెరో అరగంట వింటే, మీకు కావలసింది నెమ్మదిగా కథ విప్పే బాణీయా, దరువుతో ఊపే బాణీయా అన్నది తేలిపోతుంది. అదే మాట మేళంతో చెప్పవచ్చు, వాళ్లకు అర్థమవుతుంది.

పట్నం ఉంటే సామాను మీ బాధ్యత. తెలుపుకు బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, పచ్చకు ఆకుపొడి, నలుపుకు బొగ్గుపొడి. ఆరడుగుల పట్నానికి మూడు కిలోల పిండి, కిలో పసుపు, ముప్పావు కిలో కుంకుమ దగ్గర ఉంచుకుంటే రాత్రిపూట అంగడికి పరుగెత్తే పని ఉండదు. పిండి మరీ మెత్తగా పట్టించవద్దు, వేళ్ల సందు నుంచి ముద్దగా జారి గీత లావవుతుంది. కొంచెం రవ్వగా ఉండాలి. అలికిన నేల పూర్తిగా ఆరాలి. టైల్స్ నేల మీద పొడి నిలవదు, అడుగు పడితే చెదిరిపోతుంది, అందుకని వాకిట్లో మట్టి నేలే మంచిది. ఫ్యాన్లు, టేబుల్ ఫ్యాన్లు పట్నం పూర్తయ్యేదాకా బంద్ చేయాలి. చిన్న పట్నానికే దాదాపు రెండు గంటలు పడుతుంది, కాబట్టి భోజనాలు ఆ సమయంలో పెట్టండి. కథ మొదలయ్యాక పెడితే సగం మంది బంతిలోకి లేచి పోతారు, సరిగ్గా మల్లన్న భార్య గొల్లకేతమ్మ ఘట్టం వచ్చేసరికి వాకిలి ఖాళీగా ఉంటుంది.

మల్లన్న కథ మొత్తం ఒక్క రాత్రిలో అయిపోదు. పుట్టుక, మేడలమ్మ పెండ్లి, కేతమ్మ కథ, వీటిలో ఒకటి ఎంచుకుని దాన్ని నిండుగా చెప్పించుకోండి. అన్నీ మూడు గంటల్లో కావాలంటే పాటలు పోయి సంగతులు మాత్రమే మిగులుతాయి.

దినాలకూ ఒగ్గు పెట్టిస్తారు. మనవలను, మునిమనవలను చూసి పోయిన ముసలివాళ్ల ఇంట్లో అది బాగుంటుంది. నవ్విస్తారు, నడుమ ఏడిపిస్తారు, వచ్చిన బలగం అంతా తెల్లవారేదాకా కూర్చుంటుంది. హఠాత్తుగా పోయినవాళ్ల ఇంట్లో మాత్రం డోలు వద్దు, శారదే పెట్టించండి.

తేదీ విషయంలో ఒక జాగ్రత్త. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లిలో ఆదివారాలు జాతర, సంక్రాంతికి ఐలోనిలో (ఐనవోలులో) మల్లన్న జాతర. పేరున్న ఒగ్గు మేళాలు ఆ రోజుల్లో దొరకవు. మొక్కు ఆ నెలల్లోనే తీర్చుకోవాలంటే దసరా నాటికే మాట తీసుకోవాలి, లేదా వారం మధ్యలో పెట్టుకోవాలి.

ఎల్లమ్మకు బైండ్ల

ఎల్లమ్మ కథ ఒగ్గు వాళ్లూ చెబుతారు, బైండ్ల వాళ్లూ చెబుతారు. ఎల్లమ్మ గుడి దగ్గర పండుగ అయితే బైండ్ల వాళ్లదే హక్కు, వాళ్లదే పూజ. వాళ్ల జమిడిక మోత డోలులా చెవిని కొట్టదు. నరాన్ని మీటినప్పుడు మనిషి మూలుగు లాంటి శబ్దం వస్తుంది. రేణుక తల తెగే ఘట్టంలో దాన్ని మించిన వాద్యం లేదనే మా అభిప్రాయం. ఊరి బైండ్ల కుటుంబాన్ని పక్కనపెట్టి బయటి మేళాన్ని తెస్తే పండుగ మధ్యలో తగాదా వస్తుంది. బయటివాళ్ల కథ ఇష్టమైతే రెండో రాత్రి పెట్టుకోండి.

ఊరంతటికీ చిందు యక్షగానం

చిందు మేళం అంటే నాలుగైదు కుటుంబాలు కలిసిన బలగం. పన్నెండు మందికి తగ్గరు, ఇరవై దాకా ఉంటారు. హార్మోనియం, మద్దెల, తాళాలు, వేషాలు. ఆడవాళ్లూ వేషం కడతారు. 2005లో కన్నుమూసిన నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ పేరు ఆ విద్య తెలిసిన ప్రతి ఊరిలో ఇప్పటికీ చెబుతారు. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది.

ఇది ఇంటి దినాలకు సరిపోదు, ఊరికి సరిపోతుంది. ఇరవై అడుగుల చదరం ఆట చోటు, దాని వెనక ముఖాలకు రంగు వేసుకోవడానికి తలుపున్న గది, గదిలో ఎదురుగా పడే తెల్లని బల్బు, నాలుగు బకెట్ల నీళ్లు ఇవ్వండి. కిరీటాలు, భుజకీర్తులు పొనికి చెక్కతో చేసినవి. తేలికైనవే గానీ తడి తగిలితే పాడవుతాయి, కాబట్టి రేకు కింద పెట్టాలి. ముఖానికి అర్దలం (పసుపు రంగుపొడి) పూసి, కాటుక గీసి, ఆభరణాలు కట్టడానికి రెండు గంటలు కావాలి. తొమ్మిదింటికి ఆట అని దండోరా వేయించి ఎనిమిదింటికి మేళాన్ని దింపితే పదిన్నరకు గానీ తెర లేవదు, అప్పటికి పిల్లలు నిద్రపోతారు.

చిందులో మనసును పట్టేవి దరువులు. ఒక పాత్ర వచ్చి తన సంగతి తానే పాడుకుంటూ ఆడుతుంది, వెనక కుటుంబం వంత పడుతుంది. ‘గంటన్నరలో ముగించండి’ అంటే మేళం ముందు కోసేది ఆ దరువులనే. మాటలు మిగులుతాయి, ఆట నాటకంలా తేలిపోతుంది. మూడు గంటలు ఇవ్వలేని పరిస్థితి ఉంటే చిందును పిలవకుండా ఒగ్గు పెట్టించడం నయం.

పిలిచే ముందు మీ ఊరు ఎవరి మిరాశో (వంశపారంపర్య హక్కో) తెలుసుకోండి. చిందు కుటుంబాల మధ్య ఊళ్ల పంపకం ఉంటుంది. ఆ కుటుంబానికి ముందుగా మాట చెప్పి, వాళ్లకు ఇవ్వాల్సిన త్యాగం (కట్నం) ఇచ్చాకే మరో మేళాన్ని తేవడం పద్ధతి. కులపురాణాలు చెప్పే మేళాలదీ ఇదే దారి. గౌడులకు గౌడజెట్టి, ముదిరాజులకు కాకిపడగల, పద్మశాలీలకు కూనపులి, మాదిగలకు డక్కలి వాళ్లు. వాళ్లు తమ వంతుకు వచ్చినప్పుడు ఆదరించాలి. వినోదానికి అద్దెకు పిలిచేవి కావు. ములుగు, మేడారం వైపు కోయల డోలి పాటలు ఇంకా అలాంటివి, ఆ ఇలవేల్పుల కథ ఆ గట్టు (వంశం) వాళ్లకే చెందుతుంది. వాళ్ల కొలుపుకు (వేల్పు పండుగకు) వెళ్లి వినాలి.

మైకు, మంచు, పైసలు

ఏ కథ చెడినా సగం సార్లు కారణం మైకుసెట్టే. శారదకు ఇంట్లోనైతే మైకే వద్దు. నూరు మంది దాటితే స్టాండు మీద ఒక్క మైకు, కథకుడికీ వంతకూ మధ్యలో, నోటికి రెండు జానల దూరంలో. ఇద్దరికీ విడివిడిగా మైకులు ఇస్తే సెట్టు అబ్బాయి ఒకరిని పెంచుతాడు, ఇంకొకరిని తగ్గిస్తాడు, ఏళ్ల తరబడి కలిసిన గొంతులు అక్కడ విడిపోతాయి. ఎకో పూర్తిగా సున్నాకు తిప్పించండి, ఎకో ఉంటే పేర్లు వినపడవు. బుర్ర ఆగి నిశ్శబ్దం వచ్చినప్పుడు సౌండు పెంచవద్దని అతనికి ముందే చెప్పాలి, లేకపోతే అదే క్షణంలో బాక్సు కుయ్యిమంటుంది.

పుష్య, మాఘ మాసాల్లో మంచుకు తోలు వాద్యాలు అర్ధరాత్రి దాటాక మెత్తబడి బొదబొదమంటాయి. పక్కన చిన్న నెగడు ఉంటే గంటకోసారి కాచుకుంటారు. దానికి కట్టెలు పెట్టి ఉంచండి.

ఖర్చు శారదకు తక్కువ, ఒగ్గుకు దానికి మించి, చిందుకు అన్నిటికంటే ఎక్కువ. బేరం చేసేటప్పుడు మొత్తం ఒక్కటే మాట్లాడితే రాత్రి మాట పడుతుంది. ఇచ్చేది ఎంత, బండి కిరాయి ఎవరిది, చదివింపులు పూర్తిగా మేళానివేనా, పట్నం మీద పెట్టే బియ్యం, బట్టలు ఎవరికి, ఇవన్నీ బయానా రోజునే తేల్చండి. చదివింపులు ఇవ్వాలనుకున్నవాళ్లు దుఃఖపు ఘట్టంలో లేచి వెళ్లి నోటు ఇస్తే కథకుడు పాట ఆపి పేరు చదవాల్సి వస్తుంది. ఒక తాంబాళం పెట్టి, ఘట్టం ముగిశాక అన్నీ కలిపి చదివించండి. కథ సాగుతుండగా మందు వాకిట్లోకి రాకుండా చూడటం ఇంటివాళ్ల పని, మేళానికి చెప్పేది కాదు.

రికార్డు సరిపోతుందా

ఇంట్లో పాత క్యాసెట్ ఉంటే, లేదా ఫోన్లో కథ దొరికితే మేళాన్ని పిలవడం ఎందుకు అనేవాళ్లు ఉన్నారు. మామూలు రోజున వినడానికి, పిల్లలకు బాణీ పరిచయం చేయడానికి రికార్డు మంచిదే. దినాలకు పనికిరాదు, అందులో మీ ఇంటి పేర్లు ఉండవు.

క్యాసెట్లు ఉంటే మాత్రం ఇప్పుడే కాపాడుకోండి. ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో తుడిచి ఆరనివ్వాలి. క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా తిప్పాలి, లేకపోతే ఏళ్ల తరబడి కదలని టేపు అతుక్కుని తెగుతుంది. ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కు తీగ పెట్టి వేవ్ ఫైలుగా దించండి. ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు.

కొత్తగా రికార్డు చేసేటప్పుడు మేళాన్ని అడిగి, దానికి వేరుగా ముట్టజెప్పండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, స్పీకర్ బాక్సులకు దూరంగా, మనుషుల గొంతులకు ఆరడుగుల దగ్గర స్టాండు మీద ఉంచాలి. బుర్ర ఆగినప్పుడు ఎవరి ముఖం మీదా లైటు వేయవద్దు. ఫైలుకు తేదీ, ఊరు, కథ పేరు, కథకుడి పేరు, వంత పట్టినవాళ్ల పేర్లు పెట్టండి. వంతవాళ్ల పేర్లు ఎవరూ రాయరు, కాబట్టి వాళ్లవి తప్పకుండా రాయాలి. ఒక కాపీ పెన్ డ్రైవ్‌లో వేసి తెల్లారి మేళం బండెక్కే ముందు వాళ్ల చేతికివ్వండి. వాళ్ల పిల్లలు వంత నేర్చుకునేది దాన్ని వినే.